పాత పికప్ ట్రక్కులో ఇంజిన్ ఐడ్లింగ్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి సమాధానాలు ముఖ్యంగా కార్బురేటర్‌తో గాని, తొలితరం ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో గాని నడిచే పెట్రోలు పికప్ ట్రక్కుల కోసం రాసినవి. డీజిల్ బండ్ల గురించి విడిగా ఒక ప్రశ్న ఉంది. ఐడ్లింగ్ చెడిపోయిన ప్రతిసారీ ఏదో ఒక విడిభాగం మార్చి చూడడం చాలామందికి అలవాటు. అలా మార్చడానికి ముందే లోపం ఎక్కడుందో కొలిచి తేల్చుకోవచ్చని, దానికి పెద్ద పనిముట్లు కూడా అక్కర్లేదని చూపించడం కోసమే ఇవి రాశాను.

ఐడ్లింగ్ వేగం ఎంత ఉంటే సరైనదని అనుకోవాలి?

యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా తనంతట తాను తిరిగే కనీస వేగమే ఐడ్లింగ్. బాగా వేడెక్కిన పాత పెట్రోలు ఇంజిన్లలో ఎక్కువ భాగం నిమిషానికి 600 నుంచి 900 చుట్ల మధ్య తిరుగుతాయి. మీ బండికి కచ్చితమైన అంకె బానెట్ లోపలి వైపు అతికించిన లేబుల్ మీద గాని, సర్వీస్ మాన్యువల్‌లో గాని ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న బండిలో ఆ అంకెను న్యూట్రల్‌లో చూడాలా, డ్రైవ్‌లో ఉంచి చూడాలా అన్నది కూడా అక్కడే రాసి ఉంటుంది కాబట్టి దాన్ని జాగ్రత్తగా చదవాలి. చల్లటి ఇంజిన్ మొదటి రెండు మూడు నిమిషాలు 1200 చుట్లకు పైగా తిరిగితే కంగారు పడనక్కర్లేదు. వేడెక్కేవరకు అది అలా తిరగాలనే దాన్ని తయారుచేశారు.

డాష్‌బోర్డు మీద ఇంజిన్ చుట్లను చూపే టాకోమీటరు ఉన్నా దాన్ని పూర్తిగా నమ్మకండి. పాత మీటర్లు నూరు చుట్ల మేర తప్పు చూపించడం మామూలే. ట్యూనింగ్ చేసేటప్పుడు విడిగా ఒక టాకోమీటరు తగిలించి చూడడం మంచిది.

రోడ్డు మీద బాగా పరుగెత్తే బండి, ఆగినప్పుడు మాత్రమే ఎందుకు వణుకుతుంది?

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా పరీక్షలన్నీ ఎందుకు చేస్తున్నామో వాటంతట అవే తెలుస్తాయి. ఐడ్లింగ్‌లో, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ పలక దాదాపు పూర్తిగా మూసుకుని ఉంటుంది. ఇంజిన్‌కు కావలసిన కొద్దిపాటి గాలి ఆ పలక అంచున ఉన్న సన్నని సందులోంచో, పక్కనున్న చిన్న దారిలోంచో వెళుతుంది. పిస్టన్లు లాగుతూ ఉంటే దారి మూసుకుని ఉండడం వల్ల, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో బలమైన వాక్యూమ్ ఏర్పడుతుంది. ఇలాంటి స్థితిలో ఎక్కడో ఒక రబ్బరు గొట్టానికి పెన్సిలు ముల్లంత రంధ్రం పడినా, దానిలోంచి దూరే గాలి ఇంజిన్ పీల్చే మొత్తం గాలిలో పెద్ద వాటా అవుతుంది. అదే రంధ్రం హైవే మీద థ్రాటిల్ సగం తెరుచుకున్నప్పుడు లెక్కలోకే రాదు. పైగా అప్పుడు వాక్యూమ్ కూడా తగ్గిపోతుంది కాబట్టి ఆ రంధ్రం లాగే గాలి ఇంకా తక్కువ.

రెండో కారణం కాలానికి సంబంధించినది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 750 చుట్ల వేగంతో తిరుగుతున్నప్పుడు సెకనుకు 25 పేలుళ్లు మాత్రమే జరుగుతాయి. 3000 చుట్ల దగ్గర అవి 100. వేగంగా తిరిగేటప్పుడు ఒక సిలిండర్ బలహీనంగా ఉన్నా ఫ్లైవీల్ ఊపు ఆ లోటును కప్పేస్తుంది. ఐడ్లింగ్‌లో ఆ ఊపు తక్కువ, పేలుడుకూ పేలుడుకూ మధ్య ఎడం ఎక్కువ. అందుకే ఒక్క సిలిండర్ తప్పినా స్టీరింగ్ దాకా తెలుస్తుంది.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి?

బానెట్ ఎత్తకముందు ఒక కాగితం తీసుకుని, లోపం ఎప్పుడు వస్తోందో రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, గేరులో వేస్తేనా, న్యూట్రల్‌లో కూడానా, హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా, పెట్రోలు నింపించిన వెంటనేనా. ఈ ప్రశ్నలకు జవాబులు దొరికితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. ఉదాహరణకు పెట్రోలు నింపించాక కాసేపు మాత్రమే ఇబ్బంది పెట్టే బండిలో, ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయిందని గట్టిగా అనుమానించవచ్చు.

ఆ తర్వాత ఏ విధమైన లోపమో గుర్తించాలి. వేగం మరీ ఎక్కువగా ఉండడం, మరీ తక్కువై ఆగిపోవడం, ఒక లయలో పెరుగుతూ తగ్గుతూ ఊగడం, వేగం స్థిరంగానే ఉన్నా మిస్ కొట్టడం (ఏదో ఒక సిలిండర్ మండకుండా తప్పిపోవడం) అన్నవి నాలుగు వేర్వేరు జబ్బులు. వీటిని కలిపేసి చూసినప్పుడే అనవసరంగా విడిభాగాలు మార్చడం జరుగుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా పరీక్షలు చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

బండిని ఎప్పుడూ ఆరుబయటే నడిపించి చూడాలి. మూసిన షెడ్డులో ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అది మనిషిని నిశ్శబ్దంగా చంపేస్తుంది. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో గాని పార్క్‌లో గాని ఉంచండి. వదులు చేతులున్న చొక్కాలు, మెడలో గొలుసులు, విరబోసిన జుట్టు ఫ్యానుకు దూరంగా ఉండాలి. ఎలక్ట్రిక్ ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా తిరగవచ్చు. వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు. అగ్నిమాపక సిలిండరు ఒకటి చేతికందేలా పెట్టుకోండి, ఎందుకంటే కింది పరీక్షల్లో మండే ద్రవాలతో పని ఉంటుంది.

గాలి లీకును ఎలా పట్టుకోవాలి?

పాత పికప్‌లలో ఐడ్లింగ్ చెడడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి ఉడికిన రబ్బరు గట్టిపడి పగులుతుంది, నూనె తగిలిన రబ్బరు మెత్తబడి కుంగిపోతుంది. ముందు ఇంజిన్ ఆపి, ప్రతి గొట్టాన్నీ చివరి నుంచి చివరి దాకా వేళ్లతో తడుముతూ వెళ్లండి. కళ్లకు కనిపించని పగులు వేళ్లకు తెలుస్తుంది. బ్రేకు బూస్టర్‌కు వెళ్లే లావుపాటి గొట్టం, పీసీవీ వాల్వు (ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పంపే వాల్వు) గొట్టం, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం, హీటరు తలుపులను కదిలించే సన్నని గొట్టాలు, కొన్ని నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లలో ముందు యాక్సిల్‌ను కలిపే వాక్యూమ్ గొట్టాలు, వీటిలో దేన్నీ వదలవద్దు. చివరగా చెప్పిన రెండూ బానెట్ దాటి క్యాబిన్ కిందికీ ఛాసిస్ వెంబడీ వెళతాయి కాబట్టి చాలామంది వాటి దాకా వెళ్లరు.

నా సొంత బండిలో ఇలాంటి లోపం వెతకడానికి మూడు వారాంతాలు పోయాయి. ప్లగ్గులు, వాటికి హై వోల్టేజి తెచ్చే హెచ్‌టీ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత మార్చినా, చల్లగా ఉన్నప్పుడు బాగుండే ఇంజిన్ వేడెక్కగానే కుదుపులు మొదలుపెట్టేది. చివరికి పీసీవీ వాల్వు దగ్గర వంపు తిరిగిన రబ్బరు ముక్కను ఊడదీశాను. పై నుంచి చూస్తే నల్లగా, నిగనిగలాడుతూ చక్కగా ఉంది. తిప్పి చూస్తే కింది వైపు నూనెలో నాని తడిసిన అట్టలా మెత్తబడి, వంపు లోపలి గీతలో వేలిగోరంత చీలిక ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆ చీలిక పెదవులు అంటుకుని ఉండేవి. వేడికి రబ్బరు సాగగానే వాక్యూమ్ వాటిని విడదీసేది. అప్పటి నుంచి నేను గొట్టాల కింది వైపు చూడకుండా ఏ పరీక్షా మొదలుపెట్టను.

చేత్తో తడిమినా దొరకకపోతే ఇంజిన్ నడిపించి, ఒక రబ్బరు గొట్టం చివరను చెవి దగ్గర పెట్టుకుని రెండో చివరను అనుమానమున్న చోట్ల తిప్పండి. లీకు దగ్గర సన్నని బుస్సుమనే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత ఒక్కో వాక్యూమ్ గొట్టాన్నీ పళ్లు లేని పట్టకారుతో నొక్కి పట్టుకుని చూడండి. ఏ గొట్టాన్ని నొక్కినప్పుడు ఐడ్లింగ్ ఒక్కసారిగా మారిందో లీకు ఆ గొట్టానికి అవతలి వైపు ఉన్నట్టు.

మానిఫోల్డ్ గాస్కెట్టు, కార్బురేటర్ అడుగు గాస్కెట్టు, అరిగిన థ్రాటిల్ ఇరుసు లాంటి చోట్లకు చాలామంది కార్బురేటర్ క్లీనర్ చల్లి, వేగం మారుతుందేమో చూస్తారు. ఆ పరీక్ష పనిచేస్తుంది గాని, ఆ ద్రవం వేడి ఎగ్జాస్ట్ మీద పడినా, లీకవుతున్న హెచ్‌టీ వైరు దగ్గర పడినా మంటలు లేస్తాయి. చల్లటి ఇంజిన్ మీద, ఒక్కో చోట ఒక్క చుక్క చొప్పున మాత్రమే వాడాలి. నన్నడిగితే మొదట నీళ్ల స్ప్రేతో ప్రయత్నించమంటాను. నీరు క్షణం పాటు సందును మూయడంతో ఐడ్లింగ్‌లో మార్పు వినిపిస్తుంది, మంట భయం ఉండదు. మానిఫోల్డ్‌లోకి పొగ పంపి లీకును చూపించే పొగ యంత్రం ఉన్న వర్క్‌షాపు దొరికితే అంతకన్నా మేలైన పద్ధతి లేదు.

ఇంజెక్షన్ బండ్లలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. మానిఫోల్డ్ పీడనాన్ని బట్టి గాలిని లెక్కగట్టే ఇంజిన్లలో లీకు వల్ల వచ్చిన గాలిని కూడా కంప్యూటరు లెక్కలోకి తీసుకుని దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది, కాబట్టి ఐడ్లింగ్ వేగం పెరుగుతుంది. లోపలికి వచ్చే గాలిని ఫిల్టర్ తర్వాత సెన్సర్‌తో కొలిచే ఇంజిన్లలో ఆ సెన్సర్ దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు, అందువల్ల గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పెట్రోలు చాలక పలచబడి ఇంజిన్ వణుకుతుంది, ఆగిపోతుంది.

వాక్యూమ్ గేజిలో ముల్లు ఏం చెబుతుంది?

ఒక్క పనిముట్టే కొనగలిగితే నేను దీన్నే కొనమంటాను. మానిఫోల్డ్‌కు నేరుగా కలిసే గొట్టానికి తగిలించి, ఇంజిన్ వేడెక్కాక చూడండి. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లలో ఆరోగ్యమైన ఇంజిన్ 17 నుంచి 21 అంగుళాల (పాదరస మట్టంలో కొలిచే అంగుళాలు) మధ్య నిలకడగా చూపిస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది కాబట్టి కొండ ప్రాంతంలో 15 చూసి భయపడవద్దు.

ముల్లు తక్కువ దగ్గర కదలకుండా నిలబడితే గాలి లీకును గాని, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణం) వెనకబడడాన్ని గాని అనుమానించాలి. ముల్లు నిలకడగా ఉంటూనే సరిగ్గా ఒక లయలో టక్కున కొన్ని అంగుళాలు కిందికి పడి మళ్లీ లేస్తుంటే ఒక వాల్వు కాలిపోయిందేమో, లేదా పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడాలి. ఈ కదలికను ఒక్కసారి చూసినవారు మరచిపోరు; మిస్ కొడుతున్న సిలిండర్ చప్పుడుకు సరిగ్గా తాళం వేసినట్టు ముల్లు కొట్టుకుంటుంది. లయ లేకుండా అప్పుడప్పుడు మాత్రమే పడితే ప్లగ్గు గాని, ఇరుక్కుంటున్న వాల్వు గాని కారణం కావచ్చు. నెమ్మదిగా అటూ ఇటూ తేలుతున్నట్టు ఊగితే అది ఎక్కువగా కార్బురేటర్ మిశ్రమం సంగతి. 2500 చుట్ల దగ్గర కాసేపు ఉంచితే వాక్యూమ్ క్రమంగా పడిపోతూ ఉంటే సైలెన్సర్ గాని, పొగను శుద్ధి చేసే కెటాలిటిక్ కన్వర్టర్ గాని పూడుకుపోయిందని అర్థం.

కార్బురేటర్ బండిలో ఐడ్లింగ్ స్క్రూలను సర్దే సరైన పద్ధతి ఏది?

ముందుగా, సర్దకూడని సందర్భం గురించి చెప్పాలి. గాలి లీకు ఉండగా, టైమింగ్ తప్పి ఉండగా, ప్లగ్గు ఒకటి చచ్చిపోయి ఉండగా స్క్రూలు తిప్పితే లోపం పోదు, దాని మీద మరో లోపం పేరుకుంటుంది. కాబట్టి టైమింగ్ లైటుతో ముందు టైమింగ్ చూసుకోండి. చాలా బండ్లలో దీనికి వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి దాని నోరు మూయాలి. పాయింట్లు (కాయిల్ కరెంటును తెంచే చిన్న స్విచ్చు) ఉన్న డిస్ట్రిబ్యూటర్ అయితే టైమింగ్‌కు ముందే పాయింట్ల సందు సరిచూడాలి, ఎందుకంటే సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది. లైటు కింద గుర్తు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ ఇరుసు గాని, టైమింగ్ చైను గాని అరిగినట్టు. అలాంటి ఇంజిన్‌లో ఐడ్లింగ్ ఎంత సర్దినా నిలవదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, చోక్ పూర్తిగా తెరుచుకుందని చూసుకుని, ఎయిర్ ఫిల్టర్ తన చోట ఉంచి మొదలుపెట్టండి. కార్బురేటర్‌లో రెండు రకాల స్క్రూలు ఉంటాయి. ఒకటి థ్రాటిల్‌ను కొద్దిగా తెరిచి ఉంచి వేగాన్ని నిర్ణయిస్తుంది, రెండోది ఐడ్లింగ్ మిశ్రమాన్ని నిర్ణయిస్తుంది. మిశ్రమం స్క్రూ ముందు ఎంత విప్పి ఉండేదో తెలియకుండా పోయినట్టయితే, ఇంజిన్ ఆపి దాన్ని నెమ్మదిగా అడుగు తగిలే వరకు లోపలికి తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి విప్పితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. అడుగు తగిలాక బిగించవద్దు. సూది మొన నలిగితే ఆ కార్బురేటర్ మళ్లీ సరిగ్గా పలకదు. తర్వాత ఇంజిన్ నడిపించి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ వాక్యూమ్ అత్యధికంగా ఉన్న చోటు కనుక్కోండి. రెండు మిశ్రమం స్క్రూలు ఉంటే ఒకదాని తర్వాత ఒకటి సమానంగా సర్దాలి. వాక్యూమ్ పెరిగిన కొద్దీ వేగం కూడా పెరుగుతుంది కాబట్టి వేగం స్క్రూతో దాన్ని తగ్గిస్తూ, మళ్లీ మిశ్రమానికి రావాలి. ఎక్కువ కార్బురేటర్లలో ఈ స్క్రూ లోపలికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది గాని, కొన్నింటిలో అది పెట్రోలును కాక గాలిని నియంత్రిస్తుంది. వాటిలో ఫలితం తలకిందులుగా ఉంటుంది.

స్క్రూను పూర్తిగా లోపలికి తిప్పినా ఇంజిన్‌లో ఏ మార్పూ రాకపోతే అది చాలా విలువైన సూచన. ఐడ్లింగ్ జెట్టు మూసుకుపోయి ఉండవచ్చు. లేదా ఎవరో వేగం స్క్రూను ఎక్కువగా బిగించడంతో థ్రాటిల్ బాగా తెరుచుకుని, పెట్రోలు ఐడ్లింగ్ రంధ్రాన్ని వదిలి పై దారుల్లోంచి వస్తూ ఉండవచ్చు. కార్బురేటర్ తొట్టిలో పెట్రోలు ఎత్తును నిర్ణయించే ఫ్లోటు మట్టం ఎక్కువైతే మెయిన్ నాజిల్ నుంచి ఐడ్లింగ్‌లో కూడా పెట్రోలు చుక్కలు కారుతాయి. దాన్ని చూడాలంటే చిన్న అద్దం వాడండి, ముఖం కార్బురేటర్ మీదికి వంచవద్దు, అది ఎప్పుడైనా మంట చిమ్మవచ్చు.

ఇంజెక్షన్ బండిలో వేగం ఒక లయలో పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది. కారణం ఏమిటి?

ఈ ఇంజిన్లలో ఐడ్లింగ్‌ను కంప్యూటరే చూసుకుంటుంది. థ్రాటిల్ పక్కనున్న దారిలో ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వును తెరుస్తూ మూస్తూ వేగాన్ని నిలబెడుతుంది. ఆ వాల్వుకు నల్లటి మసి పట్టి అతుక్కుంటూ కదిలితే, కంప్యూటరు చెప్పినప్పుడు కదలక, కదిలినప్పుడు ఎక్కువగా కదిలి, వేగం ఊగుతుంది. వాల్వును విప్పి, థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో, మెత్తటి బ్రష్‌తో దాన్నీ, అది కూర్చునే చోటునూ, థ్రాటిల్ పలక అంచునూ శుభ్రం చేయండి. స్టెప్పర్ మోటారు రకం వాల్వులో బయటికి పొడుచుకు వచ్చిన మొనను చేత్తో లోపలికి తోయవద్దు, లోపలి మర పాడవుతుంది. బ్యాటరీ తీసి పెట్టాక కంప్యూటరు పాత అలవాట్లు మరచిపోతుంది, అందువల్ల మొదట కాసేపు ఐడ్లింగ్ అస్తవ్యస్తంగా ఉన్నా అది మళ్లీ నేర్చుకోవడానికి సమయమివ్వాలి.

గాలి లీకు వల్ల కూడా ఇదే ఊగిసలాట వస్తుంది, దాని తీరు ఆసక్తికరంగా ఉంటుంది. లీకు వేగాన్ని పైకి తోస్తుంది. థ్రాటిల్ మూసి ఉండగా వేగం ఒక హద్దు దాటితే, బండి వాలులో దిగుతోందని కంప్యూటరు అనుకుని పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోగానే మళ్లీ పోస్తుంది, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ ఆపేస్తుంది.

థ్రాటిల్ ఆపు స్క్రూను తిప్పి ఐడ్లింగ్ పెంచవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆ స్క్రూను కంపెనీలోనే సర్ది ఉంచుతారు. దాన్ని కదిపితే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ వోల్టేజి మారి, మీ కాలు యాక్సిలరేటర్ మీద ఉందని కంప్యూటరు భ్రమపడవచ్చు, అప్పుడు అది ఐడ్లింగ్‌ను నియంత్రించడమే మానేస్తుంది. చాలా బండ్లలో థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఈ సెన్సర్ 0.5 వోల్టుకు దగ్గరగా చూపాలి. పెడల్‌ను నెమ్మదిగా తొక్కుతుంటే ఎక్కడా తెగకుండా, గెంతకుండా పెరగాలి.

వేగం ఎక్కువగా ఉండి ఎంతకూ తగ్గడం లేదు. ఏం చూడాలి?

ముందు చాలా చిన్నవి చూడండి. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుందా, కాలి కింది మ్యాటు పెడల్‌ను నొక్కుతోందా, థ్రాటిల్ స్ప్రింగు వదులైందా, కార్బురేటర్‌లో ఫాస్ట్ ఐడిల్ క్యామ్ మెట్టు మీద స్క్రూ ఇంకా ఇరుక్కునే ఉందా అన్నవి ఒక నిమిషంలో తేలిపోతాయి. అవేవీ కాకపోతే గాలి లీకు, తెరుచుకుని ఇరుక్కున్న ఐడిల్ వాల్వు, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని చెబుతున్న కూలెంట్ సెన్సర్ వరుసగా చూడాలి. రేడియేటర్‌లో నీరు తగ్గి ఆ సెన్సర్ చుట్టూ గాలి చేరినా ఇదే జరుగుతుంది.

చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక మరోలా ఎందుకు ప్రవర్తిస్తుంది?

చల్లటి ఇంజిన్‌కు చిక్కని మిశ్రమం కావాలి, వేడి ఇంజిన్‌కు అక్కర్లేదు. కార్బురేటర్‌లో ఆ పని చోక్ చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతుంటే చోక్ మూసుకోవడం లేదని, వేడెక్కాక నల్ల పొగతో గునుస్తుంటే చోక్ తెరుచుకోవడం లేదని అనుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూస్తే రెండూ కంటికి కనిపిస్తాయి.

ఇంజెక్షన్ బండిలో ఆ బాధ్యత కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ది. దాని నిరోధం వేడి పెరిగే కొద్దీ తగ్గుతుంది. చాలా బండ్లలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2000 నుంచి 3500 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 200 నుంచి 350 ఓములు ఉంటుంది. మల్టీమీటరుతో కొలవడం రెండు నిమిషాల పని.

వేడి బండిని పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే గునిస్తే, ఇంజిన్ వేడికి కార్బురేటర్ తొట్టిలోని పెట్రోలు మరిగి మానిఫోల్డ్‌లోకి పొంగి ఉంటుంది. అప్పుడు యాక్సిలరేటర్‌ను పదే పదే తొక్కకుండా, పూర్తిగా అదిమి పట్టి సెల్ఫ్ కొట్టాలి.

మిస్ కొడుతున్న సిలిండర్ ఏదో ఎలా తెలుసుకోవాలి?

ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో సిలిండర్‌ను కాసేపు పని మాన్పించి చూడాలి. బాగా పనిచేస్తున్న సిలిండర్‌ను ఆపితే వేగం పడిపోతుంది, వణుకు పెరుగుతుంది. ఆపినా ఏ మార్పూ రాని సిలిండరే దొంగ. కార్బురేటర్ బండిలో ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ప్లగ్గు వైరు తీసి దాన్ని ఎర్త్‌కు కలపాలి. గాలిలో వేలాడదీస్తే కాయిల్, ఇగ్నిషన్ మాడ్యూల్ దెబ్బతినవచ్చు. ఇంజెక్టర్ కనెక్టర్లు అందుబాటులో ఉన్న బండిలో వైరు జోలికి పోకుండా ఆ కనెక్టర్ తీస్తే చాలు. ఒక్కో సిలిండర్‌కు కొన్ని సెకన్లకు మించవద్దు, కాలని పెట్రోలు కెటాలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించి పాడుచేస్తుంది.

దొంగ దొరికాక దాని ప్లగ్గు విప్పి చూడండి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే మిశ్రమం చిక్కగా ఉంది, తడిగా నూనె ఓడుతుంటే రింగులో వాల్వు సీళ్లో అరిగాయి, తెల్లబారి పొక్కులు లేచి ఉంటే మిశ్రమం పలచబడింది లేదా ప్లగ్గు ఆ ఇంజిన్‌కు తగినది కాదు. పక్క సిలిండర్ ప్లగ్గుతో మార్చి చూసి, లోపం దానితో పాటు ఆ సిలిండర్‌కు మారితే ప్లగ్గే కారణం. వైరునూ అలాగే మార్చి చూడండి. రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తి, వైర్ల మీద పలచగా నీళ్లు చల్లితే, కరెంటు లీకవుతున్న చోట నీలి మెరుపులు మిణుకుమనడం కంటికే కనిపిస్తుంది.

కంప్రెషన్ టెస్టు ఎప్పుడు చేయాలి?

సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత బలంగా నొక్కుతోందో గేజితో కొలవడమే ఈ టెస్టు; ప్లగ్గు, వైరు, పెట్రోలు సరిగ్గా ఉన్నా ఒక సిలిండర్ పలకనప్పుడు చేయాలి. నిజానికి కార్బురేటర్ విప్పి సర్వీసు చేయించే ముందు ఈ పరీక్ష చేయించుకుంటే చాలామందికి ఆ ఖర్చు తప్పేది. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్‌నూ పెట్రోలునూ పనిచేయకుండా చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కు నాలుగైదు కంప్రెషన్ దెబ్బలు పడేలా సెల్ఫ్ తిప్పాలి. అన్నిటికన్నా తక్కువ అంకె, అన్నిటికన్నా ఎక్కువ అంకెలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్టు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య గాస్కెట్టు తెగిందని దాదాపు ఖాయం.

ఈజీఆర్, పీసీవీ వాల్వులను ఎలా పరీక్షించాలి?

ఈజీఆర్ వాల్వు కొంత ఎగ్జాస్ట్ పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపుతుంది, అయితే ఐడ్లింగ్‌లో అది పూర్తిగా మూసి ఉండాలి. మసి ముక్క ఒకటి దాని నోట్లో ఇరుక్కుంటే ఐడ్లింగ్ దారుణంగా చెడుతుంది, వేగం పెరగగానే సర్దుకుంటుంది. వాక్యూమ్‌తో పనిచేసే రకమైతే, ఐడ్లింగ్‌లో చేతి పంపుతో దానికి వాక్యూమ్ ఇవ్వండి. ఇంజిన్ తడబడి ఆగబోతే దారులు తెరిచే ఉన్నాయి. ఏమీ కాకపోతే వాల్వు కదలడం లేదు లేదా దారులు పూడుకుపోయాయి. ఎగ్జాస్ట్ పీడనం ఉంటేనే తెరుచుకునే రకాలూ ఉన్నాయి, వాటికి ఈ పరీక్ష చాలదు.

పీసీవీ వాల్వును విప్పి చెవి దగ్గర ఊపితే లోపల గలగలమనాలి. ఇంజిన్ నడుస్తుండగా దాని నోటిని బొటనవేలితో మూస్తే వేలిని లాగాలి, వేగం కొద్దిగా తగ్గాలి. చవకైన ముక్క కాబట్టి అనుమానముంటే మార్చేయడమే మంచిది.

బ్రేకు తొక్కినప్పుడు, లేదా గేరులో ఉంచి ఆపినప్పుడు ఇంజిన్ ఆగిపోతోంది. ఎందుకు?

నిలబడి ఉన్న బండిలో బ్రేకు తొక్కి పట్టుకోగానే ఐడ్లింగ్ మారి, పెడల్ వెనక నుంచి బుస్సుమనే చప్పుడు వస్తే బ్రేకు బూస్టర్ పొర చిరిగింది. ఇది బ్రేకుల భద్రతకు సంబంధించినది కాబట్టి వాయిదా వేయవద్దు. ఆటోమేటిక్ బండి రోడ్డు మీద నుంచి వచ్చి ఆగేటప్పుడు మాత్రమే, క్లచ్చు తొక్కకుండా ఆపిన బండిలా కుదిపి ఆగిపోతే, ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో కలిపే టార్క్ కన్వర్టర్‌లోని క్లచ్చు విడవకుండా ఇరుక్కుని ఉండవచ్చు. అది ఇంజిన్ లోపమే కాదు.

స్కానర్ ఉంటే పని తేలికవుతుందా?

అమెరికాలో 1996 నుంచి అమ్మిన తేలికపాటి వాహనాలన్నిటికీ ఓబీడీ-2 (లోపాలను బండి కంప్యూటరు నుంచి స్కానర్‌తో చదివే వ్యవస్థ) తప్పనిసరి. ఆ వ్యవస్థ ఉన్న బండిలో, కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచిందో తగ్గించిందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూడగలిగితే గాలి లీకును కూర్చున్న చోటే అనుమానించవచ్చు. ఐడ్లింగ్‌లో ట్రిమ్ బాగా ధనంగా ఉండి, 2500 చుట్ల దగ్గర మామూలుకు వస్తే గాలి లీకు. దానికి విరుద్ధంగా వేగం, బరువు పెరిగే కొద్దీ ధనంగా పెరుగుతుంటే పెట్రోలు సరిగ్గా అందడం లేదు. అంతకు ముందు తరం బండ్లలో చాలావాటిలో డాష్‌బోర్డు లైటు మెరుపులను లెక్కపెట్టి కోడ్‌లు చదవాలి. కోడ్ ఒక సెన్సర్ పేరు చెప్పిందంటే ఆ సెన్సర్ పాడైందని కాదు; దాని వైరు, ఎర్త్, లేదా అది కొలుస్తున్న విషయమే తేడాగా ఉండవచ్చు.

వేగం నిలకడగానే ఉన్నా బండంతా అదురుతోంది. ఇదీ ఐడ్లింగ్ లోపమేనా?

టాకోమీటరు ముల్లూ, వాక్యూమ్ ముల్లూ రెండూ కదలకపోతే ఇంజిన్ మౌంట్లు చూడండి. రబ్బరు కుంగిన మౌంటు మామూలు కదలికను కూడా ఛాసిస్‌కు పంపిస్తుంది.

డీజిల్ పికప్‌లో ఐడ్లింగ్ చెడితే ఏం చూడాలి?

పాత డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి థ్రాటిల్ పలక ఉండదు, కాబట్టి పైన చెప్పిన వాక్యూమ్ పరీక్షలు వీటికి పనికిరావు. ఇక్కడ మొదటి అనుమానం డీజిల్ దారిలోకి గాలి చేరడం మీద ఉండాలి. ట్యాంకు నుంచి పంపు దాకా దారి లాగుడులో ఉంటుంది కాబట్టి, అక్కడ వదులైన క్లిప్పు డీజిల్‌ను బయటికి కార్చకుండానే గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పంపుకు ముందు ఒక చిన్న పారదర్శక గొట్టం ముక్క తాత్కాలికంగా కలిపి చూస్తే బుడగలు కనిపిస్తాయి. తర్వాత ఫిల్టర్, అందులోని నీరు, ఇంజెక్టర్లు చూడాలి.

మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లలో ఇంజెక్టర్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో అనుభవమున్న మెకానిక్‌లు చూస్తారు. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి అధిక పీడనంతో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ పని ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు. అక్కడి పీడనం 1000 బార్‌కు మించుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరమ్మతు నిజంగా పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

వేడెక్కిన ఇంజిన్‌ను పది నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలి, హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను, ఏసీ ఒక్కొక్కటిగా వేస్తూ వినండి. వేగం క్షణం తగ్గి మళ్లీ సర్దుకోవాలి. ఆ సమయంలో బ్యాటరీ దగ్గర వోల్టేజి 13.5 నుంచి 14.5 మధ్య ఉందో లేదో చూడండి, ఎందుకంటే ఛార్జింగ్ బలహీనపడితే ఇంజెక్టర్లూ ఇగ్నిషన్ కూడా బలహీనపడతాయి. తర్వాత ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి వేడి మీదే స్టార్ట్ చేయండి. చివరి పరీక్ష మరుసటి ఉదయానిది: రాత్రంతా చల్లారిన బండిని స్టార్ట్ చేసి, పెడల్ ముట్టుకోకుండా, వేగం పై నుంచి మెల్లగా దిగి లేబుల్ మీది అంకె దగ్గర నిలిచే వరకు పక్కనే ఉండి చూడండి. మొదటి రోజు లోపాన్ని రాసుకున్న కాగితం మీదే ఆ అంకెను, వాక్యూమ్ ఎంత ఉందో రాసి బండిలో ఉంచితే, మళ్లీ ఎప్పుడైనా తేడా వచ్చినప్పుడు దేనితో పోల్చాలో మీ చేతిలోనే ఉంటుంది.